"ప్రభువు నాతో చెప్పాడు" అని ఎవరైనా అంటే ఏం చేయాలి? ఆత్మల వివేచన ఇంట్లో కూర్చుని చేసుకునే పద్ధతి

కల్వకుర్తి నుంచి దేవరకొండ పోయే దారిలో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. జూన్ వచ్చిందంటే పత్తి గింజల కోసం వచ్చిన రైతు ప్యాకెట్ తిప్పి లేబుల్ చూస్తాడు, లాట్ నంబరు చూస్తాడు, బిల్లు అడిగి మరీ తీసుకుని బనీను జేబులో పెట్టుకుంటాడు, అప్పటికీ నమ్మకం కుదరకపోతే కొన్ని గింజలు తడి గోనెసంచిలో చుట్టి ఇంటి మూలన పెట్టి, కొన్ని రోజులు ఆగి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టుకుంటాడు. అదే మనిషికి శుక్రవారం ఉపవాస కూటంలో కొత్తగా వచ్చిన బ్రదర్ ఒకాయన "ప్రభువు నాకు చూపిస్తున్నాడు, నీ పొలం మీద శాపం ఉంది" అంటే లాట్ నంబరు గుర్తుకు రాదు. అక్కడికక్కడే ఏడుస్తూ ఫోన్‌పే కొట్టేస్తాడు.

పోయిన ఏడాది మా ఇంట్లోనే ఇలాంటి గొడవ జరిగింది, అందుకే ఇది రాస్తున్నా. మా తమ్ముడు పుణేలో సెంట్రింగ్ పని చేస్తాడు. మరదలు ఇద్దరు పిల్లలతో ఊళ్ళోనే, మా పక్కింట్లోనే ఉంటుంది. పక్క ఊళ్ళో కూటాలకు పోయి వచ్చిన రాత్రి నుంచి ఆమె మా గడప తొక్కలేదు. వారం తర్వాత పిల్లవాడి నోటి నుంచి బయటపడింది. మీ వాకిట్లో ఒక దగ్గరి ఆడమనిషి ఏదో పాతిపెట్టింది, ఏడు శుక్రవారాలు నూనె ప్రార్థన చేయించుకోవాలి, దానికి 11 వేలు కానుక, అని ఆ ప్రసంగీకుడు చెప్పాడట. దగ్గరి ఆడమనిషి అంటే ఆమె లెక్కలో ఇంకెవరు, తోడికోడలే. అంటే నా భార్య.

ఆ మాట వినగానే నాకు వివేచన రాలేదండీ, కోపం వచ్చింది. ఆయన దొంగ అని అక్కడే తేల్చేశాను, నింద పడింది నా భార్య మీద కాబట్టి. వేరే ఇంటి ఆడమనిషి మీద పడి ఉంటే "ఏమో, నిజమేనేమో, ప్రార్థన చేద్దాం" అనేవాడినేమో. చాలా ఏళ్ళుగా సంఘ పెద్దగా ఉన్నా నా తీర్పు అంతే. అందుకే ఆ పని నేను పట్టుకోకుండా మా పాస్టరమ్మకు అప్పజెప్పాను. ఆమె, మరదలు ఇద్దరూ కూర్చుని మూడు వారాల్లో చేసిందే కొంచెం వరస పెట్టి, నాకు తెలిసింది కలిపి మీకు చెప్తున్నా.

ముందు, వివేచన అంటే ఏది, ఏది కాదు

ఆత్మల వివేచన అంటే, ఒక మాట దేవుని ఆత్మ నుంచి వచ్చిందా, ఇంకో చోటి నుంచి వచ్చిందా అని తేల్చుకోవడం. 1 కొరింథీయులకు 12:10లో ఆత్మ ఇచ్చే వరాల వరసలో "ప్రవచన వరము" అనే మాట పక్కనే "ఆత్మల వివేచన" ఉంటుంది. పౌలు ఆ రెంటినీ పక్కపక్కన ఊరికే పెట్టలేదని నేననుకుంటాను, ఎందుకంటే 14:29లో మళ్ళీ అదే జత కనబడుతుంది: ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడవచ్చు, మిగిలినవాళ్ళు వివేచించాలి. అంటే ప్రవచనం వచ్చిన చోట దాన్ని తూచే మనిషి కూడా కూర్చుని ఉండాలి. కొందరికి ఇది ప్రత్యేకమైన వరం, నిజమే. కానీ ప్రతి ఆత్మనూ నమ్మవద్దు, పరీక్షించండి అని 1 యోహాను 4:1లో రాసింది వరం ఉన్నవాళ్ళకు విడిగా కాదు, "ప్రియులారా" అని అందరికీ. హెబ్రీయులకు 5:14 అయితే అభ్యాసం చేత మేలు కీడులను వివేచించడం గురించి చెప్తుంది. అభ్యాసం అంటే చేయగా చేయగా వచ్చేది, కుట్టు మిషన్ మీద చేయి కుదిరినట్టు.

ఇక ఏది కాదంటే, "నాకెందుకో ఆయన ముఖం నచ్చలేదు" అనడం వివేచన కాదు. మన కులపాయన కాదని, మన డినామినేషన్ కాదని లోపల లేచే అనుమానానికి వివేచన అని పేరు పెట్టుకోకండి. మన దగ్గర ఇది బాగా ఉంది. మా ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరన్) సంఘం వాళ్ళకు పెంతెకొస్తు వాళ్ళంతా అరుపులే అనిపిస్తారు, వాళ్ళకు మనమంతా చల్లారిన పొయ్యిలాగా కనబడతాం. 1 థెస్సలొనీకయులకు 5వ అధ్యాయంలో 20వ వచనం ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దంటుంది, 21 అన్నిటినీ పరీక్షించమంటుంది. ఒక్కో సంఘం ఒక్కో వచనాన్నే పట్టుకుని కూర్చుంది.

మొదటి అడుగు: నోటుబుక్ తీయండి

పిల్లల నోటుబుక్ చాలు. ఒక పేజీలో తేదీ, చోటు, ఎవరు చెప్పారు, ఏ మాటలతో చెప్పారు, అన్నది అన్నట్టుగా రాయండి, మీ సొంత మాటల్లో కాదు. దాని కింద ఒక గీత గీసి, మీకు ఏం అర్థమైందో రాయండి. ఇంకో గీత గీసి, మిమ్మల్ని ఏం చేయమన్నారో రాయండి. కూటం నుంచి వచ్చిన రాత్రే రాస్తే మంచిది, మర్నాటికల్లా ఇరుగు పొరుగు వాళ్ళ మాటలు అందులో కలిసిపోతాయి.

మా మరదలు రాసిన పేజీ నేను తర్వాత చూశాను. పై భాగంలో "దగ్గరి ఆడమనిషి" అని ఉంది. గీత కింద "అక్క" అని ఉంది. పాస్టరమ్మ ఆ గీత మీద వేలు పెట్టి, "పైన ఉన్నది ఆయన అన్నది, కింద ఉన్నది నువ్వు కలిపింది, పేరు ఆయన చెప్పలే కదా బిడ్డా?" అని అడిగిందట. మరదలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత నెమ్మదిగా "చెప్పలే" అందట.

ఆ పేజీ మీదనే ఇంకో ప్రశ్న వేయాలి, అడగడానికి మొహమాటంగా ఉంటుంది గానీ వేయాల్సిందే: ఈ సంగతి ఆయనకు మామూలుగా తెలిసే దారి ఏదైనా ఉందా? మా మరదలికి గుర్తొచ్చింది. కూటం మొదలు కాకముందు ప్రార్థన మనవి చీటీలు ఇచ్చారు. ఆమె తన చీటీలో "ఇంట్లో సమాధానం లేదు, తోడికోడలితో మాటలు లేవు, బోరు ఎండింది" అని రాసి, కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు కూడా వేసింది. (మాటలు లేకపోవడానికి కారణం బోరు నీళ్ళ వంతు. మోటారు ఎవరు ఎప్పుడు వేసుకోవాలి అని. అన్నదమ్ముల పొలాలు ఉన్న ప్రతి ఇంట్లో ఉండే గొడవే.) ఆ చీటీ ఆయన చదివాడని నేననడం లేదు, నేను చూడలేదు. చదివే వీలుంది అని మాత్రమే, అది పేజీలో రాసుకోవాలి.

రెండో అడుగు: మీరు ఏం వినాలనుకుంటున్నారో ముందే రాయండి

ఇది చిన్న పనే గానీ చాలామంది చేయరు. గల్ఫ్ వీసా రావాలి, ఫలానా సంబంధమే కుదరాలి, పొలం తగాదాలో మనమే గెలవాలి, ఇలా ఏదో ఒకటి లోపల గట్టిగా ఉంటుంది. దానికి సరిపడే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అది ప్రభువు స్వరంలాగే వినబడుతుంది. ఇశ్రాయేలు రాజు అహాబు సంగతి చూడండి, 1 రాజులు 22వ అధ్యాయం. యుద్ధానికి పోవాలని ముందే తేల్చుకున్నాడు, దాదాపు 400 మంది ప్రవక్తలు పో పో అన్నారు, ఒక్క మీకాయా మాత్రం ఎదురు చెప్పాడు. అతణ్ణి పిలవకముందే అహాబు ఏమన్నాడు? వాడు నాకు మంచి చెప్పడు, కాబట్టి వాడంటే నాకు పడదు అన్నాడు. మనకు పడని మనిషి చెప్పిన మాటను కూడా పేజీలో రాయాలన్నది నేను దాని నుంచి నేర్చుకున్నా.

పైన చెప్పినట్టు ఈ అడుగు దగ్గరే నేను తప్పాను. నా పేజీ రాసుంటే మొదటి లైను "ఆయన మోసగాడు అయితే బాగుండు" అని ఉండేది.

మూడో అడుగు: వచనం కాదు, అధ్యాయం

వాక్యంతో పరీక్షించండి అని అందరూ చెప్తారు. ఎలాగో ఎవరూ చెప్పరు. కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పడిన చోట చదవడం పరీక్ష కాదు, చిలక జోస్యానికి దానికి తేడా నాకైతే కనబడదు. బెరయ ఊరివాళ్ళు ఏం చేశారంటే (అపొస్తలుల కార్యములు 17:11) పౌలు అంతటివాడు చెప్పినా, అలా ఉందో లేదో అని ప్రతిదినమూ లేఖనాలు వెతికారు. ప్రతిదినమూ, అన్న మాట చూడండి. ఒక్క పూటలో తేలలేదు వాళ్ళకు కూడా.

చేయాల్సింది ఇది. ప్రవచనంలో వాడిన వచనం ఏదో తీసుకోండి, ఆ అధ్యాయం మొత్తం చదవండి, దానికి ముందు అధ్యాయం కూడా చదవండి, ఎవరితో ఎప్పుడు ఎందుకు అన్న మాట అని అడగండి. ఒక ఉదాహరణ చెప్తా, ఎందుకంటే ఇది ప్రతి జనవరి 1న వాగ్దానం కార్డుల్లో ఎవరో ఒకరికి వస్తుంది, సగం ఇళ్ళల్లో క్యాలెండర్ మీద ఉంటుంది. యిర్మీయా 29:11, నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అనే వచనం. మంచి వచనం, నాకూ ఇష్టం. కానీ దాని మీది వచనం, 10, ఏమంటుంది? బబులోనులో 70 ఏళ్ళు గడిచాక తిరిగి రప్పిస్తాను అంటుంది. ఇది బబులోనుకు చెరగా తీసుకుపోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం, దాన్ని చదువుకున్న వాళ్ళల్లో చాలామంది ఆ తిరుగు ప్రయాణం చూడకుండానే చనిపోయి ఉంటారు. 5వ వచనం ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి అంటుంది, అంటే ఎక్కడున్నారో అక్కడే పని చేసుకుంటూ బతకండి అని. 8వ వచనం చదివితే మీకు నవ్వొస్తుంది: మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత మోసపోకండి అని ఉంది. ప్రవక్తలమని చెప్పుకునేవాళ్ళు అన్నిటికంటే ఎక్కువగా వాడే వచనానికి మూడు వచనాల పైన!

ముందు అధ్యాయం, 28, ఇంకా బాగుంటుంది. హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలోపల బబులోనుకు పోయిందంతా తిరిగి వస్తుంది అని మందిరంలో అందరి ముందు చెప్తాడు. యిర్మీయా ఏం చేశాడు? ముందు "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడు. తర్వాత, సమాధానం చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతణ్ణి దేవుడు పంపాడని తెలుస్తుంది అన్నాడు. యిర్మీయా చెరకు గుర్తుగా మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా తీసి విరగ్గొట్టాడు. యిర్మీయా మారు మాట్లాడకుండా తన దారిన తాను వెళ్ళిపోయాడు. దేవుని వాక్కు అతనికి మళ్ళీ వచ్చింది ఆ తర్వాతే. నలుగురిలో పరువు పోతున్నా నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోగల ఓపిక, నా దృష్టిలో వివేచన అంటే సగం ఇదే.

నాలుగో అడుగు: నిజం చెప్పాడు కదా, అని పడిపోకండి

ఫిలిప్పీలో పుతోను అనే దయ్యం పట్టిన చిన్నది పౌలు వాళ్ళ వెంట పడి, వీళ్ళు సర్వోన్నతుడైన దేవుని దాసులు, మీకు రక్షణ మార్గం చెప్తున్నారు అని కేకలు వేసేది (అపొస్తలుల కార్యములు 16). అందులో ఒక్క అబద్ధం లేదు. మాట సరైనదే, ఆత్మ సరైనది కాదు. దాన్ని పౌలు కూడా మొదటి రోజే తరిమివేయలేదు, ఆమె అనేక దినాలు అలా చేసిందని లూకా రాశాడు. ఆమె సోదె వల్ల యజమానులకు బాగా డబ్బు వచ్చేదని కూడా రాశాడు, అది మర్చిపోవద్దు.

ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయం మొదట్లో ఇంకా గట్టిగా ఉంది: సూచన చెప్పి, అది జరిగినా కూడా, వేరే దేవతల వైపు తిప్పితే వినవద్దు. కాబట్టి ఎవరైనా స్టేజీ మీద మీ ఫోన్ నంబరు చెప్పాడు, మీ ఆవిడ పేరు చెప్పాడు అంటే దాంతో పరీక్ష అయిపోలేదు. "ఈ కూటంలో నడుము నొప్పితో బాధపడే ఒక సహోదరి ఉంది" అన్నప్పుడైతే అసలు కదలకండి. పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్ళు ఇరవై మంది కూర్చున్న చోట నడుము నొప్పి లేనిది ఎవరికి?

అడగాల్సింది వేరే: ఈ మాట నన్ను యేసు దగ్గరికి తీసుకెళ్తోందా, ఈ మనిషి దగ్గరికి తీసుకెళ్తోందా? ఏడు శుక్రవారాలూ ఆయన దగ్గరికే ఎందుకు రావాలి? మా సంఘ కాపరి అయ్యగారు చేసే ప్రార్థన ప్రభువు వినడా?

ఐదో అడుగు: ఫలం

వాళ్ళ ఫలాల వల్ల వాళ్ళను తెలుసుకుంటారు అని ప్రభువు అన్నాడు (మత్తయి 7). ఫలం అంటే కూటానికి వచ్చిన జనం కాదు, సౌండ్ సిస్టం కాదు. మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్ళు చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. గ్లాసులో పోస్తే తేటగా ఉంటాయి, వాసన రాదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో కంటికి ఎక్కడ తెలుస్తుంది? ఏళ్ళ తర్వాత పిల్లల పళ్ళ మీద, పెద్దవాళ్ళ ఎముకల్లో తెలుస్తుంది. అందుకే, చెప్పినవాడి మాటను పక్కన పెట్టి, ఆయన ఇంతకు ముందు తిరిగిన ఊళ్ళల్లో ఏం మిగిలిందో కనుక్కోండి. ఫోన్లు ఉన్నాయి కదా. ఆయన వచ్చి పోయాక ఆ సంఘంలో కుటుంబాలు కలిశాయా, విడిపోయాయా? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, సంఘం ఖాతాలోనా, ఆయన సొంత నంబరుకా? ఆయన తప్పు చేస్తే "ఇది తప్పు" అనగల మనిషి ఆయనకు ఎవరైనా ఉన్నారా? కారు డ్రైవర్‌తో, టీ తెచ్చే పిల్లవాడితో ఎలా మాట్లాడతాడు? చివరిది చిన్న సంగతి అనిపిస్తుంది, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే.

పాస్టరమ్మ రెండు ఊళ్ళకు ఫోన్ చేసింది. ఒక ఊళ్ళో బాగానే చెప్పారు. ఇంకో ఊళ్ళో ఒకావిడకు కూడా "దగ్గరి ఆడమనిషి, వాకిలి, ఏడు శుక్రవారాలు" అనే వచ్చిందట, ఆమె ఆడబిడ్డను అనుమానించి ఇల్లు వేరు పడిందట.

ఆరో అడుగు: "నాకు సమాధానం కలిగింది" అనే మాటను నమ్మేయకండి

యోనా దేవుని దగ్గరి నుంచి పారిపోతూ ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు, తుఫానులో కూడా. ఎంత సమాధానం! అలాగే భయం కలిగినంత మాత్రాన అది దేవుడు కాదు అనుకోవడం కూడా తప్పే. ఈ విషయంలో మా దుకాణానికి వచ్చే ఒక ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) మాస్టారు చెప్పిన సంగతి నాకు బాగా పనికొచ్చింది. ఇగ్నేషియస్ లొయోలా అనే ఆయన సైనికుడు, 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచంలో పడ్డాడు. పడుకుని రెండు రకాల ఆలోచనలు చేసేవాడు. వీరుడిలా పేరు తెచ్చుకోవాలి అని ఊహించుకుంటే అప్పటికి సంతోషంగా ఉండేది, తర్వాత లోపల ఎండిపోయినట్టు ఉండేది. క్రీస్తు కోసం బతకాలి అని తలచుకుంటే అప్పుడూ బాగుండేది, తర్వాత కూడా ఆ సంతోషం నిలిచేది. విన్నప్పుడు ఎలా ఉంది అని కాదు, తర్వాత ఎలా ఉంది అని చూడటం అక్కడ మొదలుపెట్టాడు. మనసు చీకటిగా, దిగులుగా ఉన్నప్పుడు ముందు చేసుకున్న నిర్ణయం మార్చవద్దు అని కూడా ఆయన చెప్పేవాడట.

నోటుబుక్‌లో ఇది సులువు. మూడు రోజుల తర్వాత, పది రోజుల తర్వాత, అదే పేజీ తీసి ఒక్క లైను రాయండి: ఇప్పుడు చదివితే నాలో ఏం కలుగుతోంది, ప్రేమా, కోపమా, భయమా? మా మరదలి పేజీలో మూడో రోజు "నిద్ర వస్తలేదు" అని ఉంది. పదో రోజు "పిల్లలను కొట్టిన" అని ఉంది.

ఏడో అడుగు: ఇద్దరు ముగ్గురికి చూపించండి

ఎవరికి అన్నదే అసలు విషయం. మీకు కాదు అని చెప్పగల మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. ఆ ప్రవచనం వల్ల లాభమో నష్టమో ఉన్న మనిషి, అంటే మా సంగతిలో నేను, ఉండకూడదు. ఆడవాళ్ళయితే ఇంకో మాట: "ఇది రహస్యం, ఒక్కదానివే రా, తలుపు వేసి ప్రార్థన చేస్తా" అని ఎవరు పిలిచినా, ఎంత పేరున్న దైవజనుడైనా, పోవద్దు. దీనికి పరీక్ష, ప్రార్థన ఏమీ అక్కర్లేదు, అక్కడే ఆపేయండి.

ఎనిమిదో అడుగు: ఆగండి

సమూయేలును దేవుడు పిలిచినప్పుడు ఆ పిల్లవాడు మూడు సార్లు తప్పు మనిషి దగ్గరికి, యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. దేవుడు నాలుగోసారి కూడా పిలిచాడు. కాబట్టి మీరు వారం ఆగి ఆలోచిస్తే ఆశీర్వాదం చెయ్యి జారిపోతుంది అనే భయం పెట్టుకోవద్దు. "ఈ రాత్రికే", "ఈ కూటం అయ్యేలోపల", "12 గంటల లోపు 1,116 పంపితే" అన్నాడంటే ఆ తొందర ఎవరిదో చూడండి. ఆగనందుకు యెహోషువ అంతటివాడు దెబ్బతిన్నాడు, 9వ అధ్యాయంలో. గిబియోను వాళ్ళు ఎండిపోయిన రొట్టెలు, చినిగిన చెప్పులు చూపిస్తే వాళ్ళు దూరం నుంచి వచ్చారని నమ్మి, యెహోవా దగ్గర విచారణ చేయకుండానే ఒడంబడిక చేసేశాడు. మూడు రోజులకు తెలిసింది, వాళ్ళు పక్కవాళ్ళే అని. మూడు రోజులు ఆగితే సరిపోయేది!

మా ఇంట్లో పెట్టుకున్న లెక్క ఇది: ఏ ప్రవచనానికైనా ఒక నెల వరకు డబ్బు ఇవ్వం, ఇల్లు పొలం అమ్మం, సంబంధం తెంచం. కానుక ఇవ్వాలనిపిస్తే మన సంఘంలో పెట్టెలో వేస్తాం.

రెండు చోట్ల మాత్రం పరీక్షకు కూడా దిగకండి

ఒకటి జబ్బు. ఇది నేను చేసిన తప్పు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తా. మా సంఘంలో ఇంటర్ చదివే పిల్లవాడు కూటంలో పడి కొట్టుకున్నాడు. దయ్యం అని నేనే అన్నాను, గట్టిగా, "ప్రభువు చూపిస్తున్నాడు" అని కూడా అన్నాను. రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా నేను, ఇంకో ఇద్దరం అరుస్తూనే ఉన్నాం. చివరకు వాళ్ళమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా, "ఫిట్స్ గోళీలు బందు చేసినం అయ్యా, వేస్తే విశ్వాసం తక్కువైతదని" అంది. పిల్లవాడి పెదవి కొరుక్కుని రక్తం కారుతోంది, మేము ఆ రక్తాన్ని చూస్తూనే మూడు గంటలు నిలబడ్డాం. ఆ తెల్లారే ఆస్పత్రికి తీసుకుపోయాం, మళ్ళీ గోళీలు మొదలుపెట్టారు, ఇప్పుడు బాగున్నాడు. తర్వాత ఒకరోజు మత్తయి 4:24 చదువుతుంటే నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి: దయ్యం పట్టినవాళ్ళు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవాళ్ళు అని విడివిడిగా రాసి ఉంది. చాంద్రరోగం అంటే ఈ మూర్ఛే. వచనమే తేడా చూపించింది, నేను చూడలేదు. కాబట్టి బీపీ, షుగర్, ఫిట్స్, మనసు జబ్బు, ఏ గోళీ అయినా డాక్టర్ చెప్పకుండా ఆపవద్దు. ప్రార్థన చేయండి, గోళీ వేయండి. లూకా వైద్యుడే కదా.

రెండోది చేతబడి, బాణామతి పేరు మీద మనిషిని చూపించడం. ఎవరు చూపించినా, ఏ అభిషేకంతో చూపించినా ఒప్పుకోవద్దు, ఇంకొకరికి చెప్పవద్దు. మన ఊళ్ళల్లో ఈ అనుమానంతో కొట్టి చంపిన సంగతులు మనకు తెలియనివి కావు. ఆ మాట వాకిలి దాటితే మళ్ళీ వెనక్కు రాదు.

ఆ వరం మీకే ఉందనిపిస్తే

ఉండవచ్చు. కొందరికి మనిషి మాట్లాడుతుండగానే లోపల ఏదో తేడా తెలుస్తుంది, చాలాసార్లు అది నిజం కూడా అవుతుంది. అప్పుడు "ప్రభువు సెలవిస్తున్నాడు" అని మొదలుపెట్టకండి, "నాకిలా అనిపిస్తోంది, తప్పు కావచ్చు, తూచి చూడండి" అనండి. మత్తయి 16వ అధ్యాయంలో పేతురుకు తండ్రి బయలుపరిచిన మాట 16వ వచనంలో ఉంది. 23వ వచనానికల్లా ప్రభువు అతణ్ణి "సాతానా, నా వెనుకకు పొమ్ము" అన్నాడు. అదే నోరు, ఏడు వచనాల తేడా. ఇంకా, సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరినీ "అబద్ధ బోధకుడు" అని పెట్టకండి, ముందు ఆ మనిషితో నేరుగా మాట్లాడండి, లేదా మీ అయ్యగారితో మాట్లాడండి.

మా ఇంట్లో పెద్ద అద్భుతమేమీ జరగలేదు. మూడు వారాలకు మరదలు వచ్చి మా అరుగు మీద కూర్చుంది, నా భార్య చాయ్ పెట్టి ఇచ్చింది, వాకిలి సంగతి ఎవరూ ఎత్తలేదు. బోరు వంతు మాత్రం గోడ మీద రాసి పెట్టుకున్నాం, రోజు మార్చి రోజు అని. ఆ నోటుబుక్ మాత్రం మరదలు మానలేదు. పోయిన ఆదివారం అయ్యగారు ఊళ్ళో లేకపోతే నేనే వాక్యం చెప్పాను, ఫిలిప్పీయులకు 4:13 తీసుకుని, నన్ను బలపరచువానియందు సమస్తమూ చేయగలను, ఈసారి దిగుబడి చూడండి అని కొంచెం జోరుగానే చెప్పాను. సాయంత్రం ఆమె నోటుబుక్ పట్టుకుని వచ్చి అరుగు మీద తెరిచింది. "మీరు పదమూడు చదివిండ్రు గని పన్నెండు చదవలే బావా," అంది, "అండ్ల ఆకలి సంగతి కూడా ఉంది."